రాళ్లలో అడవులను చదివిన బీర్బల్ సహాని

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• బీర్బల్ సహాని జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• మధ్యజీవ మహాయుగంలో మన దేశపు మొక్కలు ఎలా మారాయో వివరించగలుగుతారు.
• శిలాజం సాక్ష్యంగా ఎలా పనికివస్తుందో, ఆ సాక్ష్యాన్ని చదవడంలో పొరపాట్లు ఎలా జరుగుతాయో, ఎలా సరిదిద్దుకుంటారో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.

1. పాఠంలోకి వెళ్లే ముందు

మీరు ఎప్పుడైనా బొగ్గు పెళ్లను చేతిలోకి తీసుకుని పరీక్షగా చూశారా? అది ఒకప్పటి అడవి. మన గోదావరి లోయలోని బొగ్గు పొరల మధ్య పలకలుగా విడిపోయే రాళ్లు ఉంటాయి. వాటిలో కొన్నింటిని చీల్చితే లోపల ఆకు ముద్రలు కనిపిస్తాయి. ఈనెలు కూడా స్పష్టంగా ఉంటాయి. ఇలా రాతిలో నిలిచిపోయిన పూర్వకాలపు జీవుల ఆనవాళ్లను శిలాజాలు అంటారు.

ఈ ముద్రల్ని చూడగానే మీకు రెండు ప్రశ్నలు రావాలి. ఆ చెట్లు ఇప్పుడు ఎక్కడా ఎందుకు లేవు? వాటి తరువాత ఏ చెట్లు వచ్చాయి? మన దేశంలో ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి జీవితాన్ని అంకితం చేసిన శాస్త్రవేత్త బీర్బల్ సహాని. ఆయన జీవితాన్నీ, ఆయన చదివిన ప్రాచీన అడవుల కథనూ ఈ పాఠంలో కలిపి తెలుసుకుందాం.

2. ఎంత పాత కాలం?

భూమి చరిత్రను శాస్త్రజ్ఞులు మహాయుగాలుగా విభజించారు. వాటిలో మధ్యజీవ మహాయుగం సుమారు 25.2 కోట్ల సంవత్సరాల కిందట మొదలై, 6.6 కోట్ల సంవత్సరాల కిందట ముగిసింది. అందులో ట్రయాసిక్, జురాసిక్, క్రిటేషియస్ అనే మూడు యుగాలున్నాయి. డైనోసార్లు తిరిగిన కాలం ఇదే.

ఇంత పెద్ద అంకెలు మనసుకు పట్టవు కదా! ఇలా అనుకోండి. ఒక లక్ష సంవత్సరాలను ఒక పేజీగా లెక్కిస్తే, ఈ మహాయుగం 1,860 పేజీల పుస్తకం అవుతుంది. మనిషి రాత నేర్చిన తరువాత గడిచిన అయిదు వేల సంవత్సరాల చరిత్ర మొత్తం అదే లెక్కన ఒక పేజీలో ఇరవయ్యో వంతు మాత్రమే.

ఈ పుస్తకంలో చాలా పేజీలు చిరిగిపోయాయి. కొన్నిచోట్ల మాత్రం బాగా మిగిలాయి. అలా మిగిలిన పేజీలను వెతికి చదవడమే సహాని చేసిన పని.

3. బాల్యం, చదువు

బీర్బల్ సహాని 1891 నవంబరు 14న పంజాబులోని భేరా అనే ఊళ్లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి రుచిరామ్ సహాని లాహోరు ప్రభుత్వ కళాశాలలో రసాయనశాస్త్ర అధ్యాపకులు. తల్లి ఈశ్వర్ దేవి. భేరాకు దగ్గరలోనే ఉప్పు కొండల వరుస ఉంది. ఆ కొండల పేరు గుర్తు పెట్టుకోండి. పాఠం చివర అవి మళ్లీ వస్తాయి.

తండ్రి సెలవుల్లో పిల్లల్ని హిమాలయాలకు కాలినడకన తీసుకువెళ్లేవారు. మొక్కలను సేకరించే అలవాటు బీర్బల్‌కు అక్కడే అబ్బింది. లాహోరులో 1911లో పట్టభద్రులై, అదే సంవత్సరం ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని ఇమ్మాన్యుయేల్ కళాశాలలో చేరారు. అక్కడ ఆయనకు ఎ.సి. సీవార్డ్ అనే గొప్ప గురువు దొరికారు. సీవార్డ్ పురావృక్షశాస్త్రవేత్త, అంటే రాళ్లలోని మొక్కలను చదివే పండితుడు.

ఆ రోజుల్లో మన విద్యార్థులు చదివే వృక్షశాస్త్ర పుస్తకాల్లో ఉదాహరణలన్నీ ఇంగ్లండు మొక్కలే. మన పిల్లలు తమ కంటికి ఎన్నడూ కనిపించని మొక్కల గురించి బట్టీ పట్టేవారు. లాసన్ రచించిన ఒక పాఠ్యపుస్తకాన్ని భారతీయ విద్యార్థులకు తగినట్లు సవరించే పనిలో సహాని పాలుపంచుకున్నారు. ఆ పుస్తకం మన కళాశాలల్లో చాలా కాలం చదివారు.

1919లో లండను విశ్వవిద్యాలయం ఆయనకు డి.ఎస్సీ. పట్టం ఇచ్చింది. అదే ఏడు ఆయన స్వదేశానికి తిరిగివచ్చారు. కాశీలోనూ, లాహోరులోనూ కొద్దికాలం పనిచేశారు. 1920లో సావిత్రిని వివాహమాడారు. 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా చేరి, జీవితాంతం ఆ నగరంలోనే ఉండిపోయారు.

4. నాలుక ఆకారపు ఆకు

మధ్యజీవ మహాయుగానికి ముందు మన బొగ్గు అడవుల్లో ముఖ్యమైన చెట్టు గ్లాసోప్టెరిస్. దీని ఆకు నాలుక ఆకారంలో, నడుమ ఈనెతో ఉంటుంది. ఇవే ఆకులు భారతదేశంలోనే కాక ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, దక్షిణ అమెరికాల్లోనూ దొరికాయి. దక్షిణ ధ్రువానికి వెళ్లి 1912లో మంచులో మరణించిన స్కాట్ బృందం వద్ద దొరికిన రాళ్లలో కూడా ఈ ఆకులున్నాయి. వాటిని పరిశీలించి 1914లో వివరాలు ప్రకటించినవారు సహాని గురువు సీవార్డే.

సముద్రాలు అడ్డంగా ఉన్నా ఒకే చెట్టు ఇన్ని ఖండాల్లో ఎలా పెరిగింది? ఒకప్పుడు ఈ ఖండాలన్నీ కలిసి ఉండి, తరువాత విడిపోయి జరిగాయని జర్మనీకి చెందిన వెగెనర్ ప్రతిపాదించారు. అప్పట్లో చాలామంది పండితులు దీన్ని నమ్మలేదు. సహాని మొక్కల సాక్ష్యాన్ని పరిశీలించి, ఖండాల చలనాన్ని సమర్థించేవారి పక్షాన నిలిచారు. హిమాలయాలకు ఇటువైపు గ్లాసోప్టెరిస్ అడవులు, అటువైపు చైనాలో పూర్తిగా వేరు రకం అడవులు ఉండటం ఆయనను ఆలోచింపజేసింది. ఇవాళ ఇంత దగ్గరగా ఉన్న రెండు నేలలు ఆనాడు ఎంతో దూరంగా ఉండి ఉండాలి. ఖండాలు కదులుతాయన్న విషయం ఇప్పుడు రుజువైన సత్యం.

25.2 కోట్ల సంవత్సరాల కిందట భూమి మీద మహావినాశనం జరిగింది. సముద్రజీవుల్లో అత్యధిక భాగం నశించాయి. నేల మీద గ్లాసోప్టెరిస్ అడవులు కనుమరుగయ్యాయి. మన 1,860 పేజీల పుస్తకంలో మొదటి పేజీ అదే.

5. రాజమహల్ కొండల్లో

ఆ పుస్తకంలో సహానికి బాగా నచ్చిన అధ్యాయం రాజమహల్ కొండల్లో ఉంది. ఈ కొండలు ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉన్నాయి. సుమారు 12 కోట్ల సంవత్సరాల కిందట అక్కడ నేల పగిలి లావా పొంగింది. ఒక పొంగుకూ మరో పొంగుకూ మధ్య చాలా కాలం గడిచేది. ఆ విరామంలో చెరువులు ఏర్పడేవి, చెట్లు పెరిగేవి. తరువాతి లావా వచ్చి వాటిని కప్పేసేది. నీటిలో కరిగిన సిలికా కొమ్మల్లోకి, కాయల్లోకి ఇంకి గట్టిపడింది. అందువల్ల చెట్టు కణాలు కూడా చెదరకుండా రాయిగా మారాయి.

ఇలాంటి రాయిని ఎలా చదువుతారో తెలుసా? మొదట రంపంతో పలుచని బిళ్లగా కోస్తారు. దాన్ని గాజుపలక మీద అంటించి, గరుకుపొడితో అరగదీస్తారు. వెలుతురు లోపలినుంచి వచ్చేంత పలుచగా అయ్యేవరకు అరగదీయాలి. కొంచెం తక్కువైతే ఏమీ కనిపించదు. కొంచెం ఎక్కువైతే శిలాజమే చేతిలోనుంచి పోతుంది. ఆ తరువాత సూక్ష్మదర్శిని కింద పెట్టి కణాలను పరిశీలిస్తారు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. చెట్టు మొత్తం ఒకేచోట దొరకదు. ఆకు ఒకచోట, కాండం ఒకచోట, పువ్వువంటి భాగం మరోచోట దొరుకుతాయి. అవన్నీ ఒకే చెట్టువని తెలియక, శాస్త్రజ్ఞులు ఒక్కోదానికి ఒక్కో పేరు పెడతారు. రాజమహల్ కొండల్లోనూ ఇలాగే జరిగింది. వేర్వేరు పేర్లతో ఉన్న ఒక కాండం, ఒక ఆకు, ఒక పూవంటి భాగం నిజానికి ఒకే చెట్టువని సహాని లోపలి నిర్మాణం ఆధారంగా చూపించారు. 1932లో ఆ చెట్టుకు తన గురువు పేరు కలిపి విలియమ్సోనియా సీవార్డియానా అని పేరు పెట్టారు. పొట్టి మోడు, తలమీద ఈకల్లాంటి ఆకుల గుత్తితో అది చూడడానికి నేటి తోటల్లో పెంచే సైకస్ మొక్కలా ఉండేది. కాని రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి.

రాజమహల్ కొండల్లోని నిపానియా గ్రామం దగ్గర దొరికిన శిలాజాలు మరీ విచిత్రమైనవి. ఆ కాండాన్ని అడ్డంగా కోస్తే మధ్యలో ఒక చెక్కస్తంభం కాక, సాధారణంగా అయిదు విడివిడి స్తంభాలు కనిపించాయి. అంతవరకు తెలిసిన ఏ కుటుంబంలోనూ అది ఇమడలేదు. అందుకే సహాని 1948లో దాన్ని పెంటాక్సిలీ అనే కొత్త వర్గంగా ప్రకటించారు. అయిదు చెక్కలున్నది అని ఆ పేరుకు అర్థం.

ఇప్పుడు ఒక ముఖ్య విషయం గమనించండి. రాజమహల్ అడవిలో ఫెర్న్ మొక్కలున్నాయి. సైకస్‌ను పోలిన చెట్లున్నాయి. దేవదారు, పైన్ జాతులకు బంధువులైన చెట్లున్నాయి. కాని మనం ఈనాడు చూసే మామిడి, వేప, వరి వంటి పూలమొక్కల అడవి మాత్రం అక్కడ లేదు. మన పుస్తకంలో దాదాపు 1,100 పేజీల వరకు పూలమొక్కల జాడ నిస్సందేహంగా ఎక్కడా దొరకదు. అప్పటికి డైనోసార్లు మాత్రం ఉన్నాయి. ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన జురాసిక్ యుగపు డైనోసార్ కోటాసారస్ అస్థిపంజరాన్ని మీరు హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు. పొడవాటి మెడగల ఆ జంతువు మేసిన పచ్చదనం ఫెర్నులది, సైకస్‌వంటి చెట్లది. అది ఒక్క గడ్డిపరకనైనా రుచి చూడలేదు.

పాఠ్య ప్రశ్నలు – 1
అ) గ్లాసోప్టెరిస్ ఆకు ఏ ఆకారంలో ఉంటుంది?
ఆ) ఒకే చెట్టు భాగాలకు వేర్వేరు పేర్లు ఎందుకు వచ్చాయి?

6. దక్కను లావా మధ్య దొరికిన తాటిజాతి

రాజమహల్ నుంచి ఇప్పుడు మనం పుస్తకం చివరి పేజీకి వద్దాం. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పశ్చిమ, మధ్య భారతంలో మళ్లీ లావా పొంగింది. ఈసారి ఇంకా ఎక్కువ. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయి పరుచుకుని ఉంది. వీటిని దక్కన్ ట్రాప్స్ అంటారు. తెలంగాణ పశ్చిమ భాగపు నల్లరేగడి నేలల్లో చాలావరకు ఈ రాయి శిథిలమై ఏర్పడినవే. తూర్పున రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి ప్రాంతాల్లో కూడా ఈ లావా కనిపిస్తుంది.

ఇక్కడా లావా పొరల మధ్య మొక్కలు రాయిగా మారి నిలిచాయి. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో ఇలాంటి శిలాజాలు విరివిగా దొరికాయి. వాటిలో తాటిజాతి కాండాలున్నాయి, పూలమొక్కల కాయలున్నాయి. ఇప్పటికీ సుందరవనాల బురదనేలల్లో పెరిగే నీపా అనే తాటిజాతి కాయ కూడా ఉంది. వరిమళ్లలో రైతులు పెంచే అజొల్లాకు బంధువైన చిన్న నీటి ఫెర్న్ కూడా ఉంది. రాజమహల్ అడవికీ దీనికీ ఎంత తేడా! ఈ రెండు లావాల మధ్య కాలంలో పూలమొక్కలు వచ్చి, నేలను ఆక్రమించాయి. విలియమ్సోనియా, పెంటాక్సిలీ వర్గాల చెట్లు కనుమరుగయ్యాయి. మధ్యజీవ మహాయుగంలో జరిగిన పెద్ద మార్పుల్లో ఇది ఒకటి. దాని సాక్ష్యం మన దేశపు రెండు లావా ప్రాంతాల్లో ఉంది.

దక్కన్ లావా వయస్సు గురించి అప్పట్లో పెద్ద వివాదం నడిచింది. అది డైనోసార్ల కాలం నాటిదని కొందరు, ఆ తరువాతి మహాయుగానిదని కొందరు వాదించారు. నీపా కాయవంటి శిలాజాల ఆధారంగా సహాని రెండో పక్షాన నిలిచారు. 1940లో మద్రాసులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసుకు అధ్యక్షత వహించినప్పుడు ఆయన తీసుకున్న అంశం దక్కన్ ట్రాప్సే.

మరి ఎవరిది సరి? ఈనాటి లెక్కల ప్రకారం లావా సరిగ్గా రెండు మహాయుగాల సరిహద్దు మీద పొంగింది. కొంత భాగం సరిహద్దుకు ముందు, మిగతాది తరువాత. రాజమండ్రి దగ్గర లావా పొరల మధ్య ఉన్న సున్నపురాయిలోని సూక్ష్మ సముద్రజీవులు, కొత్త మహాయుగం మొదలైన తొలి రోజులవని తరువాతి పరిశోధనల్లో తేలింది. అంటే రెండు పక్షాలకూ సగం సగం నిజం చిక్కింది. డైనోసార్లు అంతరించిన సరిహద్దు కూడా ఇదే. అప్పుడే మెక్సికో తీరంలో పెద్ద ఉల్క పడింది. ఆ వినాశనంలో ఉల్క పాత్ర ఎంత, దక్కన్ లావా పాత్ర ఎంత అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

7. పొరపాటు కూడా పాఠమే

సహాని చెప్పినవన్నీ నిలిచాయా? లేదు. రెండు ఉదాహరణలు చూడండి.

మొదటిది: రాజమహల్ కొండల్లో దొరికిన ఒక కొయ్య శిలాజాన్ని చూసి, అది చాలా ప్రాచీనమైన పూలమొక్కదని 1932లో ఆయన భావించారు. నిజమైతే అది ఎంతో గొప్ప విషయం. కాని ఆయన మరణం తరువాత ఇతరులు మళ్లీ పరీక్షించి, అది పూలమొక్క కాదనీ, విలియమ్సోనియా వర్గానికి చెందినదనీ నిర్ణయించారు. దానికి సహాని పేరు మీదనే సహానియాక్సిలాన్ అని కొత్త పేరు పెట్టారు. తప్పును సరిదిద్దుతూనే గౌరవించారన్నమాట.

రెండవది: ఆయన పుట్టిన ఊరికి దగ్గరలోని ఉప్పు కొండలు. ఆ ఉప్పు పొరల మీద చాలా ప్రాచీనమైన రాళ్లున్నాయి. కింద ఉన్నది పాతదై ఉండాలి కాబట్టి, ఉప్పు అంతకంటే పాతదని ఒక వాదం. కాని 1940ల్లో సహాని ఆ ఉప్పును కరిగించి చూస్తే అందులో కొయ్య తునకలు, ఆకుపొరల ముక్కలు కనిపించాయి. అంత ప్రాచీన కాలంలో చెట్లే లేవు. అందువల్ల ఉప్పు ఎంతో తరువాతిదనీ, పాత రాళ్లే దాని మీదికి జరిగి వచ్చాయనీ ఆయన గట్టిగా వాదించారు. ఈ వాదం నిలవలేదు. ఆ ఉప్పు 50 కోట్ల సంవత్సరాలకు పైబడినదేనని ఇప్పుడు శాస్త్రజ్ఞులు అంగీకరిస్తున్నారు. చిన్న తునకలు తరువాతి కాలంలో పగుళ్ల ద్వారా, నీటి ద్వారా లోపలికి చేరగలవు.

అయితే ఆయన గొప్పతనం తగ్గిందా? ఆలోచించండి. ఆయన తన నమూనాలను దాచిపెట్టలేదు. ఏ రాయి ఎక్కడ దొరికిందో, ఎలా కోశారో, ఏమి కనిపించిందో రాసి, బొమ్మలతో అచ్చు వేయించారు. అందువల్లనే ఇతరులు సరిచూడగలిగారు. సాక్ష్యం అందరి ముందూ ఉంటే, తప్పు ఎవరిదైనా బయటపడుతుంది. సైన్సు నడిచే దారి ఇదే.

8. చివరి వారం

1936లో లండను రాయల్ సొసైటీ సహానిని సభ్యునిగా ఎన్నుకుంది. ఆయన ఆసక్తి మొక్కలకే పరిమితం కాలేదు. రోహ్‌తక్ దగ్గర ఖోక్రాకోట్ దిబ్బలో దొరికిన మట్టి మూసలను పరిశీలించి, ప్రాచీన భారతంలో నాణేలు ఎలా పోతపోశారో 1945లో ఒక గ్రంథంగా రాశారు.

శిలాజాల పరిశోధనకు మన దేశంలో ఒక ప్రత్యేక సంస్థ ఉండాలన్నది ఆయన కోరిక. భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తిని, పుస్తకాలను, శిలాజాల సేకరణను ఇందుకు ధారపోశారు. 1946లో సంస్థ ఏర్పడింది. 1949 ఏప్రిల్ 3న లక్నోలో కొత్త భవనానికి ప్రధాని నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ పునాదిరాయిలో నిజమైన శిలాజాలను పొదిగారు. వారం తిరగకుండానే, ఏప్రిల్ 10 తెల్లవారేలోగా, గుండెపోటుతో సహాని కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరాలు.

పునాదిరాయి ఒక్కటే మిగిలింది. పని ఆగిపోవలసిందే. కాని సావిత్రి సహాని ఆ బాధ్యతను తలకెత్తుకున్నారు. ఆమె శాస్త్రవేత్త కాకపోయినా, సంస్థ నిర్వహణ చేపట్టి భవనాన్ని పూర్తి చేయించారు. 1953 జనవరిలో నెహ్రూయే వచ్చి దాన్ని ప్రారంభించారు. ఆ సంస్థ బీర్బల్ సహాని పేరుతో నేటికీ లక్నోలో పనిచేస్తోంది. దాని ఆవరణలోనే ఆయన సమాధి ఉంది.

9. మనం ఏం నేర్చుకున్నాం?

• మధ్యజీవ మహాయుగం 25.2 కోట్ల నుంచి 6.6 కోట్ల సంవత్సరాల కిందటి వరకు సాగింది.
• దానికి ముందు గ్లాసోప్టెరిస్ అడవులు, ఆ మహాయుగంలో ఫెర్నులు, సైకస్‌ను పోలిన చెట్లు, చివర పూలమొక్కలు ప్రధానమయ్యాయి.
• రాజమహల్, దక్కన్ లావా పొరల మధ్య ఈ మార్పుకు సాక్ష్యం దొరికింది.
• శాస్త్రవేత్త తన సాక్ష్యాన్ని అందరి ముందూ ఉంచితే, అతని పొరపాటును కూడా తరువాతివారు సరిదిద్దగలరు.

మీరే చేయండి
ఒక వేపాకునూ, ఒక రావి ఆకునూ తీసుకోండి. మెత్తని బంకమట్టి ముద్ద మీద ఈనెల వైపు కిందికి ఉండేట్లు ఒత్తి, జాగ్రత్తగా తీసేయండి. మట్టి ఆరనివ్వండి. ఆకు లేకుండా ముద్రను మాత్రమే చూసి, అది ఏ చెట్టుదో చెప్పమని ఇంట్లోవాళ్లను అడగండి. వాళ్లు దేన్నిబట్టి చెప్పారో రాసుకోండి.

పాఠాంత ప్రశ్నలు
1. ఖండాలు కదిలాయనడానికి గ్లాసోప్టెరిస్ ఎలా సాక్ష్యం అయింది?
2. రాజమహల్ అడవికీ, దక్కన్ లావా మధ్య దొరికిన మొక్కలకూ గల తేడాలు రాయండి.
3. ఉప్పు కొండల విషయంలో సహాని ఎందుకు పొరబడ్డారు? దీనినుంచి మీరు ఏమి గ్రహించారు?

పాఠ్య ప్రశ్నలు – 1 జవాబులు
అ) నాలుక ఆకారంలో.
ఆ) చెట్టు భాగాలు విడివిడిగా దొరకడం వల్ల, అవి ఒకే చెట్టువని మొదట తెలియలేదు.